పన్నెండో బొమ్మ

నెల్లూరులో ఒక హాలు గోడకి పన్నెండు పక్షి ఫొటోలు వేలాడుతున్నాయి. పదకొండింటి మూలన దస్తగిరి సాయిబు ముద్ర ఉంది. పన్నెండో దానికి లేదు. ఎందుకు లేదో, వాటిని తీసిన పెంచలయ్యకి అంతుపట్టడం లేదు.

అతను తీసినవాటిలో గొప్పది అదే. చెరువు మధ్య తుమ్మచెట్టు మీద, గూట్లో నిలబడి ఎర్రకాళ్ల కొంగ రెండు రెక్కలూ బార్లా చాపింది. రెక్కల కింద మూడు తెల్లటి పిల్లలు. దానికోసం నాలుగు రోజులు మొలలోతు నీళ్లలో నిలబడ్డాడు. గూటికి అడ్డంగా ఉన్న రెండు కొమ్మలు కొట్టేశాకే మంచి వెలుగు పడింది. ఆ తర్వాత గంటకే కొంగ నాట్యం మొదలుపెట్టిందని చూసినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

సాయిబు నలభై ఏళ్లుగా ఫొటోలు అచ్చు వేస్తున్న మనిషి. మూలన ఆయన ముద్ర పడితేనే కొనేవాళ్లకి నమ్మకం. ఈ కొంగ బొమ్మనీ ఆయనే అచ్చు వేశాడు. వేసి, భూతద్దం పెట్టి కింది మూలనే చాలాసేపు చూశాడు. అక్కడ కొట్టేసిన కొమ్మ మొదలు తెల్లగా, రూపాయి బిళ్లంత కనబడుతోంది. ముద్ర తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఇవాళ ప్రదర్శనకి ఆఖరి రోజు. ఇంతవరకు ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు. పెళ్లి ఫొటోలు మానేసినప్పటినుంచి, కొంగలు నీకు చదివింపులు చదివిస్తాయా బావా అని బావమరదులు ఆటపట్టిస్తూనే ఉన్నారు. పొద్దున ఒక డాక్టరమ్మ ఆ కొంగ ముందు ఆగి, ముద్ర వేయించి ఉంచితే సాయంత్రం వచ్చి తీసుకుంటానని చెప్పి వెళ్లింది.

సాయంత్రం కావస్తుండగా పెంచలయ్య, హాల్లో ఓ పక్కన కుర్చీలో కూర్చున్న సాయిబు దగ్గరికి వెళ్లాడు. రంగు తేడా వచ్చిందా, కాయితం బాగాలేదా అని అడిగాడు. అవేమీ కాదన్నాడు సాయిబు.

"మరి తప్పేంది సాయిబూ?"

"ఆ కొంగ ఏం చేస్తా ఉంది రా అబ్బయా?"

"నాట్యం."

సాయిబు లేచి వెళ్లి, పడమటి కిటికీకి కట్టిన నల్లగుడ్డ లాగేశాడు. ఎండ నేరుగా వచ్చి బొమ్మ మీద పడింది.

పెంచలయ్య బొమ్మ దగ్గరికి పరిగెత్తాడు. అద్దం కూడా లేని అచ్చు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని నెత్తిన మొట్టి మరీ నేర్పింది ఈయనే. దించుదామంటే మేకుకి తీగతో బిగించి ఉంది. గుడ్డేమో మడిచి చంకలో పెట్టుకుని, సాయిబు తీరిగ్గా కూర్చున్నాడు. పెద్దాయనకి మతి చెడిందా అనుకున్నాడు. వేరే దారి లేక ఎండకి వీపు పెట్టి, చేతులు రెండూ బార్లా చాపి బొమ్మకి అడ్డం నిలబడ్డాడు.

చొక్కా వీపుకి అంటుకుంది. భుజాలు లాగేస్తున్నాయి. చేయి కాస్త దిగితే చాలు, ఎండ ఒక పిల్ల తల మీదికి జారుతోంది. మళ్లీ ఎత్తాడు.

"అప్పుడే నొప్పా?" వెనకనుంచి అడిగాడు సాయిబు. "ఐదు నిమిషాలు కూడా కాలేదే."

ఎదురుగా, జానెడు దూరంలో కొంగ ముఖం. ఎండకి రొప్పుతున్నట్టు ముక్కు తెరుచుకుని ఉంది. ఇన్నాళ్లూ పెంచలయ్య అది చూడలేదు. కింది మూలన, తను కొట్టేసిన కొమ్మ మొదలూ చూడలేదు.

డాక్టరమ్మ వచ్చింది. ముద్ర పడిందా అని అడిగింది.

పెంచలయ్య చేతులు దించలేదు.

"ఇది అమ్మేది కాదమ్మా," అన్నాడు.

సాయిబు లేచి, చంకలోని గుడ్డ విప్పి కిటికీకి కట్టసాగాడు.