పురుగు తాకని ఆకు

విరూపాక్షావధానులవారు ఏ శిష్యునికైనా తాళపత్రాల కట్టను తామే అటక మీదనుండి దించి ఇచ్చేవారు, ఒక్క కేదారనాథునికి తప్ప. అతడు విద్యార్థియై చేరిన తొలినాడు గురువుగారు కట్టకోసం చేయెత్తగానే, ముప్పదేళ్ళ ఆ మనిషి మోచేతులు రెండూ ముఖానికి అడ్డంపెట్టుకొని గోడకు ఒదిగిపోయాడు. నాటినుండి అతని యెదుట వారు చేయెత్తలేదు. కారణమూ అడుగలేదు.

కేదారుని ఇల్లాలు పుట్టింట ఆడుబిడ్డను ప్రసవించి అయిదు మాసాలైంది. అతడు చూడబోలేదు. ఒక శిథిలకావ్యానికి కొత్త ప్రతి వ్రాస్తూ గురుగృహాననే ఉండిపోయాడు. ఒక ఉదయం అత్తవారింటినుండి బొబ్బట్ల బుట్ట వచ్చింది.

"బిడ్డ బోర్లాపడిందటయ్యా!" అన్నారు గురుపత్ని. "బొబ్బట్లు ఇంత దూరం రాగలిగాయి. నీ కాళ్ళకేమొచ్చింది నాయనా?"

కేదారుడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆమె లోనికి వెళ్ళాక గురుపాదాల చెంత కూర్చున్నాడు.

"మా నాన్నగారు పోయి పదేళ్ళండీ. ఆయన కొడుతుంటే మా అమ్మ తలుపు దగ్గరగా వేసేది, ఇరుగుపొరుగు వినకుండా. మొన్న గంటం మొన విరిగినప్పుడు నా నోట ఆయన తిట్టే వచ్చింది, అచ్చం ఆయన గొంతుతో. ఆ చేయి నా చేతిలో లేదని ఎలా నమ్మేది? నేను దూరాన ఉంటేనే ఆ పిల్లకు క్షేమం. కాదంటారా?"

గురువుగారు నిన్న వ్రాసిన ఆకు తెమ్మన్నారు. నున్నని లేత ఆకు. మసి పూసిన అక్షరాలు నల్లగా మెరుస్తున్నాయి. మూడవ పంక్తి నడుమ మాత్రం నాలుగక్షరాల మేర శూన్యం.

"ఇక్కడేమీ వ్రాయలేదేం?"

"పాత ప్రతిలో అక్కడ ఖాళీయేనండీ. ఉన్నదున్నట్లు దింపడం లేఖకుని నియమం కదా."

"ఆ పాత ఆకుకు చిల్లి ఉందా?"

"లేదండీ. అంతకు ముందరి ప్రతిలోని ఆకును పురుగు తిని ఉంటుంది."

గురువుగారు ఆ శూన్యస్థలాన్ని వ్రేలితో మెల్లగా నిమిరారు. "ఎన్నడో చచ్చిన పురుగు. నీ ఆకును తాకనైనా లేదు. ఈ చోటు మాత్రం దానిదే."

కేదారుడు ఆ నాలుగక్షరాల చోటును చాలాసేపు చూశాడు. అయిదు మాసాలుగా తాను బిడ్డకోసం విడిచి ఉంచినదీ ఇటువంటి ఖాళీయేనని అప్పుడు అతనికి కనబడింది. కన్నీరు ఆకుమీద పడకుండా ముఖం పక్కకు త్రిప్పుకొన్నాడు.

అంతట అవధానులవారు లేచి, ఇన్నాళ్ళకు మొదటిసారిగా అతని యెదుట చేయెత్తి, దూలానికి వ్రేలాడుతున్న గొడుగును అందుకొన్నారు. కేదారుని మోచేతులు ముఖానికడ్డంగా లేచాయి. వారు కదలక, అవి తమంతట తామే దిగేవరకు వేచి, గొడుగును అతని చేతికిచ్చారు.

"లేచాయి, నిజమే," అన్నారు. "దిగాయి కూడా. ఎండ ముదరకముందే బయలుదేరు."