ఏదుపంది ఐదో ఆకు

అనగనగా, అడవికి కంచెలు లేని రోజుల్లో, ఒక వాగు. వాగుకు రెండు గట్లు, గట్టుకో బంతాట జట్టు. పీచుతో చుట్టిన బంతిని ఎదుటి జట్టు మోదుగుచెట్ల మధ్య నుంచి తన్నితే గోలు. ప్రతి పున్నమి మధ్యాహ్నం ఆట. ఆ పూట అడవి అడవంతా అక్కడే!

ఈ ఆటంటే ప్రాణం పెట్టే స్నేహితులు ముగ్గురు ఉండేవారు. నక్క వక్రకేతు, కొంగ ధవళమ్మ, ఏదుపంది శూలమల్లు. పాపం, ముగ్గురిలో ఒక్కరూ ఆడలేరు. నక్కకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. కొంగవి పుల్లల్లాంటి కాళ్లు. ఇక శూలమల్లు తగిలాడంటే బంతి పీచుపీచే!

ఆడలేకపోతేనేం, ఆడించలేమా అనుకుని ముగ్గురూ ఊహా గురువులయ్యారు. రెండు జట్లలోంచి తలా ఆరుగురు ఆటగాళ్లను పంచుకున్నారు. ఒకరి ఆటగాణ్ణి మరొకరు ఎంచుకోకూడదు. ప్రతి ఆటకూ ఆరుగురిలో ఐదుగురి గుర్తులే ఆకుల మీద గీసి, వెదురు గొట్టంలో వేసి, లక్కతో మూయాలి. వడ్రంగిపిట్ట చెట్టు మీద టకటకలాడించిందంటే ఆట మొదలైనట్టే. ఆ తరువాత ఆ బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆకు మార్చడానికి లేదు.

ఆట అయ్యాక తాబేలు తాత గొట్టాలు విప్పేవాడు. ఎంచుకున్నవాడు గోలు కొడితే గురువుకు ఒక గురివింద గింజ. పక్కన పెట్టినవాడు ఎన్ని కొట్టినా సున్నా.

ఏడాది చివర పురస్కారాలు! ఎక్కువ గింజలున్నవారికి మహాగురువు బిరుదు, నెమలీకల తలపాగా. అందరికన్నా తక్కువ ఉన్నవారు నెల రోజులు సొరకాయ మోయాలి. మూడేళ్లుగా ఆ సొరకాయ శూలమల్లుదే. అది ముళ్లకు గుచ్చుకుని వీపు మీదే ఉండిపోయేది. "ఏం మల్లూ, కూర ఎప్పుడు?" అని దారినపోయే ఉడత కూడా అడిగేది. అతనికి తల కొట్టేసినట్టుండేది.

"ఈ ఏడు తలపాగా పెట్టుకుని తీరతాను!" అని ఒట్టు పెట్టుకున్నాడు. రోజూ తెల్లారగానే వాగు గట్టుకు పోయి ఆటగాళ్లను చూసేవాడు. ఎవరికి జలుబు చేసింది, ఎవరు అలిగారు, ఎవరు బద్ధకిస్తున్నారు, అన్నీ గమనించేవాడు. ఆ శ్రమ ఊరికే పోలేదు. చివరి ఆట వచ్చేసరికి ముగ్గురి దగ్గరా సరిగ్గా ఇరవయ్యేసి గింజలు. అడవంతా ఒకటే ఉత్కంఠ!

ఆ రోజు పొద్దున శూలమల్లు వాగు దగ్గర చిటుకును చూశాడు. చిటుకు శూలమల్లు ఎంచుకున్న ఆరుగురిలోకెల్లా మేటి, కుర్ర కుందేలు. నీళ్లు తాగి వెళుతూ ఎడమ వెనక కాలు ఆనించీ ఆనించనట్టు వేస్తున్నాడు. శూలమల్లుకు గుండె గుబేలుమంది. 'వీడు ఆడడు. ఆడితే కాలు పోతుంది' అనుకున్నాడు.

మధ్యాహ్నం గొట్టాలు మూసే వేళైంది. "కానివ్వరా మల్లూ! ముహూర్తం చూస్తున్నావా?" అని నక్క తొందరపెట్టాడు.

శూలమల్లు గబగబా కుందేలు ఆకు తీసి పక్కకు విసిరాడు. అడవిపంది ఆకును గొట్టం వైపు తోసి, చూసుకోకుండానే లక్క పూశాడు. టకటకటక!

ఆట మొదలైంది. చిటుకు ఆడనే ఆడాడు! రెండు గంతుల్లో మొదటి గోలు. "అయ్యో!" అన్నాడు శూలమల్లు. కాసేపటికి రెండోది. "అయ్యయ్యో!" చివర్లో ముచ్చటగా మూడోది. శూలమల్లు నేల మీద చతికిలపడ్డాడు. అడవిపంది బంతి వంకైనా చూస్తే ఒట్టు.

తాబేలు తాత గొట్టాలు విప్పాడు. నక్క ఎంచుకున్న కోతి రెండు కొట్టింది, నక్కకు ఇరవై రెండు. కొంగ ఎంచుకున్న లేడి ఒకటి కొట్టింది, కొంగకు ఇరవై ఒకటి. శూలమల్లు గొట్టంలో ఆకులు నాలుగే. ఆ నలుగురూ ఒక్కటీ కొట్టలేదు.

"ఐదో ఆకు ఏదిరా?" అన్నాడు తాత.

"అదిగో, వీపు మీద ముల్లుకు గుచ్చుకుని ఉంది!" అని అరిచింది కొంగ. "కుందేలు ఆకు!"

తాత పకపకా నవ్వాడు. "మళ్లీనా! నిరుడు కూడా గొట్టంలో వేయబోతే రెండుసార్లు ఆకులు ఇలాగే ముల్లుకు అంటుకుపోయాయి. అప్పుడూ ఒప్పుకున్నాం. ఇప్పుడూ అంతేనా మల్లూ?"

నక్క ముఖం వాడిపోయింది. అయినా, "అంతే అయ్యుంటుంది తాతా" అన్నాడు.

ఇరవై మూడు! చుట్టూ ఈలలు, కేరింతలు. తల ఊపితే చాలు, తలపాగా అతనిదే. శూలమల్లుకు ఊపాలనే ఉంది. ఎంతగానో ఉంది. కానీ తల కదల్లేదు.

"కాదు తాతా," అన్నాడు. "చిటుకును నేనే తీసేశాను. అడవిపందిని వేశాననుకున్నాను, ఆ ఆకు జారి గాలికి ఎటు పోయిందో. ఇది మాత్రం నేను వద్దనుకున్న ఆకు."

"మూడు గోల్స్ కొట్టినవాణ్ణి వద్దనుకున్నావా? ఎందుకురా?" అని నోరెళ్లబెట్టాడు నక్క.

"పొద్దున ఎడమ కాలు నేలకు ఆనించలేకపోయాడు. ఆడడనే అనుకున్నాను, ఆడితే ఏమైపోతాడోనని భయమేసింది."

అందరూ చిటుకు వైపు తిరిగారు. జట్టువాళ్లు అతన్ని భుజాల మీద మోస్తున్నారు. దించగానే కెవ్వుమని కూలబడ్డాడు. కాలు బూరెలా వాచి ఉంది.

"నిజమే మల్లు మామా," అన్నాడు కళ్లనీళ్లతో. "చెబితే ఆడనివ్వరని దాచాను."

వెంటనే ఆకుపసరు పిండి కట్టు కట్టారు. ఇంకో ఆట ఆడి ఉంటే జన్మలో గెంతేవాడు కాదన్నాడు తాత.

పద్ధతి పద్ధతే. తలపాగా నక్కకు పోయింది, సొరకాయ నాలుగోసారి శూలమల్లు వీపెక్కింది. అతను తలవంచుకుని ఇంటిదారి పట్టాడు. ఇంతలో చిటుకు ఆడే తూర్పు గట్టు జట్టు నాయకుడు దుప్పి పరుగున వచ్చి అడ్డం నిలిచాడు.

"మల్లూ, మా జట్టుకు గురువు కావాలి. మా నొప్పి మాకన్నా ముందు నీకు తెలిసింది. గెలుపు చేతికందినా నువ్వు అబద్ధమాడలేదు. మా పిల్లల్ని నీ చేతుల్లో పెడతాం. రేపు పొద్దున వస్తావా?"

"ఊహా జట్టుకా?"

"నిజం జట్టుకే!"

ఆ మాటకు శూలమల్లు ముళ్లన్నీ ఆనందంతో ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. పక్కనున్నవాళ్లు బతుకుజీవుడా అని ఎగిరి దూరం దూకారు!

విన్నారుగా పిల్లలూ, ఓడిపోతానని తెలిసి కూడా నిజం చెప్పేవాణ్ణే నలుగురూ నమ్మి తమవాళ్లను అప్పగిస్తారు.