ఓబులమ్మ అనుపానం

అనగనగా, చెప్పే నోళ్ళు తక్కువా వినే చెవులు ఎక్కువా ఉన్న కాలంలో, రాళ్ళు ఎక్కువా నీళ్ళు తక్కువా ఉన్న సీమలో ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో దివాణం వారి వైద్యశాల. వైద్యశాలలో అహోబలాచారి అనే వైద్యుడు. ఆయన దగ్గర నల్లరాతి కల్వంలో మందులు నూరే మనిషి ఓబులమ్మ.

ఓబులమ్మకు పొలం లేదు, పుట్ర లేదు, నా అన్నవాళ్ళు లేరు. ఉన్నవల్లా రెండు చేతులూ ఒక నోరూ. చేతులెంత గట్టివో నోరూ అంత గట్టిదే. చిరాకు పుట్టిందంటే "ఏం మనుషులబ్బా!" అనేది, కల్వంలో గుండును ఇంకాస్త గట్టిగా తిప్పేది. ఆ ఏడు ఆ మాట అన్నన్నిసార్లు ఆమె జన్మలో అని ఉండదు.

ఎందుకంటే వాన మొదటేడు ముఖం చాటేసింది, రెండో ఏడూ చాటేసింది. మూడో ఏడు ఊరంతా జ్వరాలు. జనం వైద్యశాల ముందు బారులు తీరారు. ఆచారి నాడి చూసేవాడు, నాలుక చూసేవాడు, తిన్నావా అని అడిగేవాడు, మూడు రోజులకు మాత్రలిచ్చేవాడు. ఇచ్చి అందరికీ ఒకటే మాట చెప్పేవాడు.

"అన్నం తిన్నాక వేసుకో. ఖాళీ కడుపున వేసుకుంటివా, పేగులు మాడిపోతాయి. జాగ్రత్త!"

జనం తలలూపి వెళ్ళిపోయేవారు. జ్వరాలు మాత్రం పోయేవి కావు. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఆచారి హస్తవాసి పోయిందని కొందరన్నారు. కాదు, మందు నూరే ఆ మనిషి చెయ్యే మంచిది కాదని ఇంకొందరన్నారు. ఆ రెండో మాట చెవిన పడి ఓబులమ్మకు ఒళ్ళు మండిపోయింది. చేతులు బొబ్బలెక్కేలా నూరింది తనాయె!

ఇంతలో చెప్పులు కుట్టే గిడ్డయ్య జ్వరంతో పోయాడు. చూడటానికి ఓబులమ్మ వెళ్ళింది. శవానికి స్నానం చేయిస్తుంటే పంచె చెంగున ఒక ముడి కనిపించింది. విప్పితే మాత్రలు. మూడు రోజులవీ అట్లాగే ఉన్నాయి.

"ఏమే, మింగనే లేదా?" అంది ఓబులమ్మ.

"అన్నం తిన్యాక ఏసుకోమన్న్యాడు గదమ్మా ఆచారి" అంది గిడ్డయ్య భార్య. "అన్నం యాడిది? రేపు దొరికితే రేపు ఏసుకుంటాలే అనె. రేపు, రేపు అని మూడు దినాలు ఆయె." ఆ మాత్రల్ని ఆమె ఓబులమ్మ చేతిలో పోసేసింది.

ఓబులమ్మ పక్కింటికి పోయి చూసింది. అక్కడ జ్వరపు మనిషి తలగుడ్డలో ముడి. ఆ పక్కింట్లో సుంకమ్మ, నెల తిరగని పసిబిడ్డ తల్లి. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పాలు ఎండిపోయి బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. సుంకమ్మ చీర కొంగునా ముడే.

"తిన్యావా అని ఆచారి అడిగితే తిన్యానని చెప్పినావు గదే నా ఎదురుగానే!"

"ఇంట్లో కూడు లేదని పదిమందిలో ఎట్ల చెప్పేది అక్కా?" అంది సుంకమ్మ నీరసంగా.

"ఏం మనుషులబ్బా!" అంది ఓబులమ్మ. అంటూనే సుంకమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఇంకో మూడు రోజులు ఇట్లాగే ఉంటే తల్లి దక్కదు. తల్లి దక్కకపోతే బిడ్డ దక్కదు.

పరుగు పరుగున ఆచారి దగ్గరికి పోయింది. "సామీ, సుంకమ్మకు ముందు కూడు పెట్టాల."

"మందివ్వడం నా పని. కూడు పెట్టడం నా పని కాదు. అయినా రెండు పూటలు తినకపోతే ఏమవుతుందే? లంఖణం పరమౌషధం!"

"ఆ మందు ఊరంతా మూడు నెల్లుగా మింగుతానే ఉంది సామీ. ఒక్కరికీ తగ్గలే."

"నోరు ముయ్యి. గింజలు కావాలంటే కొఠారుకు పో."

కొఠారుకు పోయింది. కొఠారు నిండా దివాణం వారి జొన్నలు. దాని పెద్ద శేషగిరి తాళాలగుత్తి బొడ్లో దోపుకుని కూర్చున్నాడు. "గింజలు కాపాడటం నా పని. రోగులు నా పని కాదు. అమలుదారు గారి దగ్గరికి పో."

ఊరికి పెద్ద అధికారి అమలుదారు. ఆయన తాంబూలం నములుతూ విన్నాడు. "ఆకలితో జబ్బు పడ్డారంటావు. జబ్బైతే అది వైద్యుడి పని, నా పని కాదు. ఆచారి దగ్గరికి పో."

పొద్దున బయల్దేరిన మనిషి మధ్యాహ్నానికి బయల్దేరిన చోటికే వచ్చి చేరింది. గానుగెద్దు నయం, అది తిరిగితే నూనైనా వస్తుంది. ఓబులమ్మ కల్వం ముందు కూలబడి, ముగ్గురినీ కలిపి నూరుతున్నట్టు నూరింది.

అప్పుడే అమలుదారు గారి బావమరిది దగ్గుకుంటూ వచ్చాడు. ఆచారి నాడి చూసి చీటీ రాశాడు. "మందు గురిగింజంత. అనుపానం పుట్టతేనె, ఆవునెయ్యి." చీటీ కొఠారుకు పోయింది. సిరా ఆరకముందే తేనె వచ్చింది, నెయ్యి వచ్చింది.

ఓబులమ్మ చెయ్యి ఆగింది.

"సామీ, అనుపానమంటే ఏంది?"

"ఇన్నేళ్ళు నూరి అదీ తెలీదా? మందు ఒంటికి పట్టడానికి తోడుగా ఇచ్చేది."

"రోగుల పని మాది కాదన్న్యారే కొఠారోళ్ళు! మల్ల ఇది ఎట్లిచ్చిరి?"

"దివాణం శాసనమే. మందూ అనుపానమూ రెండూ దివాణం ఇచ్చుకోవాలి."

"ఎంత ఇయ్యాలని ఉండాది?"

"ఎంతని లేదు. రోగి బలాన్ని బట్టి వైద్యుడు ఎంత రాస్తే అంత."

ఓబులమ్మ లేచింది. గిడ్డయ్య మాత్రల్ని తెచ్చి ఆచారి ముందు పోసింది.

"నీ హస్తవాసి పోలేదు సామీ. నా చెయ్యీ చెడ్డది కాదు. నువ్విచ్చినావు, నేను నూరినాను, మింగినోడే లేడు! అన్నం తిన్యాక అంటివి. అన్నం లేదు గాబట్టి మందూ లేదు. గిడ్డయ్య కాసుకోని కాసుకోని సచ్చిపోయినాడు. ఇండ్లల్లో అందరూ ఇట్లే ముడేసుకోని కూర్చోనుండారు. సుంకమ్మకు అనుపానం రాయి. తేనె వద్దు, నెయ్యి వద్దు. పూటకు మానెడు పిండి, జొన్న జావ అని రాయి."

"మానెడు అనుపానమా! ఏ శాస్త్రంలో ఉందే?"

"బలాన్ని బట్టి అని నువ్వే అంటివి. బలమే లేని మనిషికి ఎంతవుతాదో నువ్వే చెప్పు."

ఆచారి మాత్రల్ని చేతిలోకి తీసుకున్నాడు. తను చుట్టిన మాత్రలే. ఆయనకు చచ్చేంత సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. చీటీ తీసి రాశాడు. సుంకమ్మకు రాశాడు, తలగుడ్డ మనిషికి రాశాడు, బారులో ఉన్నవాళ్ళందరికీ రాశాడు.

శేషగిరి చీటీలు పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "మానెడు అనుపానం మనిషికా, ఏనుక్కా?" ఆచారి శాసనం చూపించాడు. శేషగిరి మూడుసార్లు చదివాడు. ఇంతే ఇవ్వాలని ఎక్కడా లేదు. గొణుక్కుంటూ పోయి తాళం తీశాడు.

ఓబులమ్మ వైద్యశాల వాకిట్లోనే పొయ్యి పెట్టింది. మొదటి ముంత సుంకమ్మకు తనే తీసుకుపోయి తాగించింది. అప్పుడు సుంకమ్మ కొంగుముడి విప్పి మాత్ర మింగింది. మూడో రోజుకు జ్వరం దిగింది, పాలు పడ్డాయి, బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోయింది.

ఆనాటి నుంచి రోగి ఎవరొచ్చినా, నాడి చూడకముందే ఓబులమ్మ ముంత చేతికిచ్చేది. తిన్నావా అని మాత్రం ఎవర్నీ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతారని ఆమెకు తెలుసు.

ముసలిదై ఓబులమ్మ పోయింది. తర్వాత దివాణమూ పోయింది, కొఠారూ పోయింది. ఆ పక్క ఊళ్ళలో మాత్రం ఈనాటికీ, ఇంట్లో పొయ్యి వెలగని మనిషి మందుకోసం వస్తే కూడు లేదని చెప్పడు. "మా ఇంటికి ఓబులమ్మ రాలేదు సామీ" అంటాడు. ఆ మాట వింటే వైద్యుడు ఇంకేమీ అడగడు. మందు పక్కన పెట్టి, లోపలికి కేకేసి జావ తెమ్మంటాడు.