అరమొగం తల్లికి చింతపండు నిషేధం

నీలిరేవు ఊరి చివర, ఇసుక దిబ్బ మీద, సముద్రం వైపు తలుపున్న చిన్న గుడి అరమొగం తల్లిది. మూర్తి మూరెడు ఎత్తు కంచు. తామర మీద నిలబడి, చేతిలో చిన్న కూజాతో, సగం మూసిన కళ్ళతో ఉంటుంది. కుడి చెంప మీద బంగారు పూత నేటికీ మెరుస్తుంది. ఎడమ చెంప నల్లటి కంచు. కిరీటంలో కూర్చున్న బుద్ధుణ్ణి చూపి, ఈమె చీనా బౌద్ధులు కొలిచే కరుణామూర్తి అని తెలిసినవారు చెబుతారు. ఊరివారికి మాత్రం తల్లి. ఏ దేశం నుంచి వస్తేనేం?

పూర్వం ఇక్కడ కొర్లయ్య అనే జాలరి వలలో, ఎన్నడో మునిగిన చీనా ఓడ నుంచి ఈ మూర్తి పడింది. అతను దాన్ని ఇంటికి తెచ్చి, మర్నాడు మరో ఐదుగురితో చేపల వేటకు వెళ్ళాడు. మూర్తికి పట్టిన మకిలి చూసి అతని తల్లి గంగులమ్మ, కోడలు దానయ్యమ్మతో, "ఓలే, అమ్మోరి మొగం అలాగుంటే మనకి సిగ్గు కాదేటి? సింతపండెట్టి తోమీ" అంది.

దానయ్యమ్మ బంగారానికి ఆశపడి గీకిందని కొందరు ఇప్పటికీ అంటారు. అబద్ధం! ఏ ఇంట్లోనైనా కంచును చింతపండుతోనే కదా తోముతారు? మకిలి కింద ఉన్నది బంగారు పూత అని ఆమెకెలా తెలుస్తుంది?

ఎడమ చెంప తోమేసరికి కొబ్బరి పీచుకు బంగారం అంటింది. ఆ క్షణమే దానయ్యమ్మకు మొగుడి మొగం గుర్తుకు రాలేదు. పేరు గుర్తుంది, మొగం ఉండాల్సిన చోట ఏమీ లేదు. చెయ్యి తీసేసింది.

"అత్తా, నీ కొడుకు మొగం ఎలాగుంటాది?"

గంగులమ్మ చెప్పబోయింది. ఆమెకూ కొడుకు మొగం గుర్తుకు రాలేదు.

మిట్టమధ్యాహ్నం పడవ వచ్చింది. ఎండ నిప్పులా ఉన్నా దిగినవారి మొగాలు ఎవరి కంటికీ ఆనలేదు. చూసింది చూసినట్టే జారిపోతోంది. వెళ్ళింది ఆరుగురు. దిగింది ఏడుగురు.

"సచ్చినోళ్ళొచ్చీసినారు! ఎనక్కి తోసీండి!" అంటూ ఆడవాళ్ళు గడకర్రలు ఎత్తారు.

దానయ్యమ్మ అడ్డుపడింది. "ఇందులో మీ మొగుళ్ళు లేరేటి? ఆగండి. పేరు సెప్పినోడే ఇసక దాటాల."

మొదటివాడు అన్నాడు: "నాను కొర్లయ్యనే. అలా సూత్తావేటే? పొద్దున్న తిట్టిన తిట్లు సాల్లేదా?"

పేరు పలకగానే మొగం కనిపించింది. దానయ్యమ్మ ఏడుస్తూనే నవ్వింది. మరో ఐదుగురు పేర్లు చెప్పి తమవారిని చేరారు. ఏడోవాడు నోరు తెరిచాడు. పేరు రాలేదు, ఉప్పునీళ్ళు వచ్చాయి. అందరి వంకా కాసేపు చూసి, వెనక్కి తిరిగి, తొందర లేకుండా నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి తల్లిని చింతపండు తాకలేదు. కొబ్బరినీళ్ళతో అభిషేకం చేసి, నూలుగుడ్డతో అద్దుతారు, అంతే. భక్తులు గడప ముందు నిలిచి తమ పేరు పైకి చెప్పి లోపలికి రావాలి. అలా వచ్చినవారు ఎంత దూరం పోయినా అయినవారి కళ్ళకు పరాయివారు కారని తల్లి దీవెన. పూజ చేసేది దానయ్యమ్మ ఇంటి కోడళ్ళే. ఆఖరి భక్తుడు వెళ్ళాక కూడా వారు సముద్రం వైపు తిరిగి, "ఇంకెవరు?" అని అడిగి, కాసేపు ఆగుతారు. ఎప్పటికైనా ఆ ఏడోవాడికి తన పేరు గుర్తొస్తే, వినడానికి ఒకరుండాలి కదా.