అడగనమ్మపల్లె: ఊరడగని తల్లి వెలసిన చోటు

రెండు పంచాయతీల పొలిమేరల నడుమ, ఎర్రగుట్ట వాలులో అడగనమ్మపల్లె ఉన్నది. ముప్పయ్యొక్క గడపలు. ఏ పంచాయతీలోనూ చేరని పల్లె ఇది. బస్సు దిగి మైలు దూరం కాలిబాటన రావాలి. గుట్ట కొనన బండ నెర్రెలో పసుపు పూసిన మూరెడు శిల, దాని చెంత నడివేసవిలోనూ ఇంకని చెలమ కనిపిస్తాయి. ఆ శిలయే అడగనమ్మ.

పూర్వం ఇక్కడ ఇళ్లు లేవు. గుట్టకు తూర్పున ఒక ఊరు, పడమర ఒక ఊరు ఉండేవి. ఒక వేసవిలో సీమంతటా గత్తర, అంటే కలరా, చెలరేగింది. రెండు ఊళ్లవారూ దారులకు ముళ్లకంచెలు వేసి, ప్రతి బాటసారినీ ఊరు పేరడిగి తరిమేవారు. బయటివారినైనా, గత్తర సోకినవారినైనా తాకినవారికి ఊళ్లో చోటు లేదని తూర్పూరి పెద్ద నాగిరెడ్డి చాటింపు వేయించాడు.

ఆ ఊరి ఓబులక్క, మొగుడు పోయిన ఒంటరి మనిషి, గుట్టమీద మేకలు కాచేది. ఒక మిట్టమధ్యాహ్నం, సొమ్మసిల్లిన ఆడబిడ్డను భుజాన వేసుకొని ఒక స్త్రీ తూలుతూ వచ్చింది. రెండు కంచెల దగ్గరా తరిమారని చెప్పి, తన ఊరు పేరు చెప్పబోయింది. ఓబులక్కకు చాటింపు గుర్తుకొచ్చింది. అయినా అంబలి ముంత ముందుకు చాచింది.

"ఊరు నేనడగలేదు తల్లీ. ముందు బిడ్డకు తాపు."

సంగతి తెలిసి ఊరివారు ఓబులక్కకూ కంచె తీయలేదు. ఆమె బండ నీడనే ఉండి మూడు దినాలు ఆ బిడ్డకు సేవ చేసింది. మూడవనాటి ఉదయం బిడ్డ కళ్లు తెరిచి నవ్వింది. ఓబులక్క మేకలను మళ్లించుకొని వచ్చేసరికి తల్లీబిడ్డలు లేరు. వారు కూర్చున్న చోట శిల వెలసి, దాని కింద నీరు ఉబుకుతున్నది. దప్పికతో ఉన్న మేకలు సైతం ఆ నీటిని ముట్టక మోకరిల్లాయి.

వారం తిరగకముందే నాగిరెడ్డి భార్యకు గత్తర సోకింది. అతని చాటింపే అతన్ని వెలివేసింది. ఆమెను చేతులపై మోసుకొని గుట్టెక్కి, తలెత్తలేక అడిగాడు.

"నేనెవరో ఎరుగుదువా అక్కా?"

"ఎరుగుదును నాయనా. ఆమె తల పట్టుకో, నీళ్లు నేను తాపుతాను."

ఆమె బతికింది. నాగిరెడ్డి కంచెను ఒట్టి చేతులతో పీకివేశాడు. ఊరడగకుండా ఆదరించిన చోట వెలసినందున ఆ తల్లికి అడగనమ్మ అని పేరు నిలిచింది. రెండు ఊళ్లూ తరిమినవారంతా అమ్మకు దిగువన, గుట్ట వాలులో గుడిసెలు వేసుకోగా ఈ పల్లె ఏర్పడింది.

నేటికీ ఇక్కడి పూజారి భక్తుల ఊరు, కులం, గోత్రం అడగడు. శ్రావణమాసం తొలి మంగళవారం నాగిరెడ్డి వంశపు కోడళ్లు చెప్పుల్లేకుండా గుట్టెక్కి, వచ్చినవారందరికీ అంబలి పోస్తారు. అమ్మకు కోరిక విన్నవించనక్కరలేదు. చెప్పుకోలేని బాధతో వచ్చినవారిని ఆమె ముందుగా చూస్తుందని ఇక్కడివారి విశ్వాసం.