రాజుగారు ముంచిన రంగు

ఒకానొక రాజ్యంలో, మబ్బు కూడా దొడ్డిదారిన జారుకునేంత మెట్టసీమలో, ఉగ్రభూపతి అని ఓ రాజున్నాడు. ఆయన మీసం దువ్వితే పొరుగూళ్ళో కోళ్ళు కూసేవి. నమ్మకపోతే ఆ కోళ్ళనే అడగండి.

ఆయనకో అద్దకంశాల ఉంది. సముద్రమొడ్డు రాజ్యంవాళ్ళు సంతసంతకీ కొత్త ఎరుపు చీరలు దింపుతుంటే ఈయనకి ఒళ్ళు మండింది.

"పున్నమికల్లా మనోళ్ళూ ఆ ఎరుపు తియ్యాలి. లేదా శాల మూసి అందర్నీ పొలిమేర దాటిస్తా" అన్నాడు.

కొలువులో నవ్వించే గవరయ్య ఆ మాట విన్నాడు. వాడు ఆ అద్దకంవాళ్ళ గంజి తాగి పెరిగినవాడు. శాలలో అందరికన్నా చెయ్యి తిరిగిన నూకాలమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"అత్తా, ఎరుపెందుకు రావట్లేదు?"

"వాళ్ళవి ఏటినీళ్ళు, మనవి చవిటిబావి నీళ్ళురా. ఎరుపు నల్లబడిపోద్ది. పోనీ ఆ నలుపులోంచే కొత్తది తీద్దామంటే, కాగులో చెయ్యి పెట్టడానికి అధికారి సెలవు కావాలి. ఆయనకి పైఆయన, పైఆయనకి మంత్రి. సెలవొచ్చేలోపు పొయ్యి ఆరిపోద్ది."

గవరయ్య కొలువుకి పోయి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, రంగు వాళ్ళ మాట వినట్లేదు. తమరు ముంచితే వినక చస్తుందా?"

రాజు పొంగిపోయాడు. శాలకొచ్చి, తెల్లబట్ట పట్టుకుని కాగు మీదకి వంగాడో లేదో, అధికారి అడ్డమొచ్చాడు.

"సెలవుందా ప్రభూ?"

"నేను రాజునిరా."

"ఎవరైనా సరే అని తమరి శాసనమే ప్రభూ."

పైఆయనకి కబురెళ్ళింది. పైఆయన మంత్రికి కబురెట్టాడు. మంత్రి తిని పడుకున్నాడు. పొయ్యి సెగకి రాజుగారి చెమట కారి కాలవ కట్టింది, అందులో రెండు బాతులు కూడా ఈదాయి.

గవరయ్య విసనకర్ర విసురుతూ, "ఓపిక పట్టండి ప్రభూ. నూకాలమ్మత్త రోజూ పట్టేదే" అన్నాడు.

రాజుకి తిక్కరేగి, అధికారిని పక్కకి నెట్టి, మోచేతుల దాకా ముంచేశాడు.

పైకి తీస్తే ఎరుపు కాదు. నిగనిగలాడే నేరేడుపండు రంగు. ఆ నలుపులోంచి నూకాలమ్మ తీద్దామనుకున్న కొత్తది అదే.

"ఎరుపేదిరా గవరయ్యా?"

"అది సముద్రంవాళ్ళకి వదిలెయ్యండి ప్రభూ. ఈ రంగు వాళ్ళకి కావాలంటే మన చవిటిబావి తవ్వి మోసుకుపోవాలి. తమరు మోయనిస్తారా?"

రాజు తన చేతులు చూసుకున్నాడు. అధికారి మొహం చూశాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. మెళ్ళో ముత్యాలదండ తీసి గవరయ్య మెళ్ళో వేసి, కాగులన్నీ నూకాలమ్మ ఇష్టానికి వదిలేశాడు.

"మరి ఈ అధికార్లనేం చెయ్యమంటావురా?"

"నీళ్ళు తోడమనండి ప్రభూ. కాకపోతే, చేద దించేముందు మా అత్త సెలవు తీసుకోవాలి."