చిదంబరం కొట్టుకు నూటెనిమిది బిందెలు

తల్లులారా, తండ్రులారా, కాస్త ముందుకు జరిగి కూర్చోండి. వెనకవాళ్ళకి నా గొంతు అందుతోందా? సరే, ఆ పరమాత్మని తలుచుకుని మొదలుపెడదాం.

గోదారి రెండు పాయల మధ్య ఒక లంక ఉంది. దాని మీద మనుషులు లేరు. దేవుడు దాన్ని జంతువులకే ఇచ్చాడు. అవి నేలంతా చిన్న చిన్న మళ్ళు చేసుకుని ఇంటికొకటి పంచుకున్నాయి. కుందేలుకి ఒకటి, మేకకి ఒకటి, ఉడతలన్నిటికీ కలిపి ఒకటి. ఎవరి మడిలో వాళ్ళు కూరగాయలు పండించుకోవాలి. షరతు ఒక్కటే: వరసగా రెండేళ్ళు బీడు పెడితే ఆ మడి చేయి జారి లంక ఉమ్మడిలో కలిసిపోతుంది.

ఆ షరతే ఇప్పుడు మన కుందేలు మంగతాయారు గుండెల మీద కూర్చుంది. కిందటేడు ఆవిడ చిక్కుడు విత్తనాన్ని బూడిదలో కలిపి, కుండలకెత్తి, పాత గుడిసెలో దాచింది. వానలు పట్టాయి, కప్పు కారింది, విత్తనం కుండలోనే మొలకెత్తి కుళ్ళిపోయింది. మడి బీడు పడింది. ఈ ఏడు ఆ గడపా ఈ గడపా తిరిగి మూడు కుండల విత్తనం మళ్ళీ పోగుచేసుకుంది. చిక్కుడు పెట్టేది ఆషాఢం దాటాక. అందాకా వానల్లో ఆ కుండలు పొడిగా ఉండాలి. ఇవీ తడిశాయా, మడి పోయినట్టే.

రోహిణి కార్తె ఎండ మాడ్చేస్తోంది. వానలకి ఇంకో పది రోజులుందేమో. తాయారు విత్తనం దాచుకునే గట్టి కొట్టు కోసం వెతుకుతూ నక్క చిదంబరం దగ్గరికి వచ్చింది.

చిదంబరం ఏటిగట్టున కొట్లు కట్టి అమ్ముతాడు. ఏం కొట్లండీ అవి! గోడలకి ఎర్రటి జాజు, జాజు మీద తెల్లటి ముగ్గులు, గుమ్మానికి మావిడి తోరణం. చూస్తే పెళ్ళివారొచ్చి దిగినట్టే ఉంటుంది.

"రా చెల్లెమ్మా, రా!" అన్నాడు చిదంబరం. "తూర్పు గుమ్మం. ఈశాన్యం పెరిగింది, నైరుతి ఒదిగింది. లక్ష్మీదేవి ఎవర్నీ దారి అడక్కుండా లోపలికి వచ్చేస్తుంది."

"ఆవిడ రావడం సరే అన్నయ్యా, వాన రాదు కదా?"

"వానా! వాన ఈ గోడని చూసి, సిగ్గుపడి పక్క లంకకి పోతుంది."

"ఎన్నాళ్ళు నిలుస్తుంది?"

"నీ మునిమనవల పెళ్ళిళ్ళ దాకా!"

"మా కుందేళ్ళకి మునిమనవలు రెండేళ్ళలోనే వచ్చేస్తారన్నయ్యా."

చిదంబరం దగ్గి, మాట మార్చాడు. "వచ్చే వేసవిలో నీ మడిలో కాసే పుచ్చకాయలన్నీ నావి. కొట్టు నీది. ఎల్లుండి దశమి, గృహప్రవేశం చేసేద్దాం. ఆలస్యం చేశావో, కోతిగారు కాచుకుని కూర్చున్నారు."

అంతలో మేక పేరంటాలు నవుల్తూ అటొచ్చింది. అప్పటికే చిదంబరం కట్టిన కొట్టు కొనుక్కుంది ఆవిడ.

"తీసుకో తాయారూ, బంగారం లాంటి కొట్టు. గోడ నున్నగా ఉంటుంది, కప్పు రుచిగా ఉంటుంది."

"కప్పు రుచేమిటి వదినా?"

"నిన్న పొద్దున ఆకలేసి మూల మీద ఓ నోటి గడ్డి లాగాను. ఒక్క నోరే, ఒట్టు! ఆకాశం కనిపించింది."

"అది వెలుతురు కోసమమ్మా," అన్నాడు చిదంబరం తడుముకోకుండా.

తాయారు చెవులు రెండూ నిక్కపొడుచుకున్నాయి. ఒక్క నోటికి ఆకాశం కనిపించిందంటే గడ్డి ఎన్ని వరసలు వేసినట్టు? "ఎల్లుండి కలుద్దామన్నయ్యా" అని దణ్ణం పెట్టి, లంకకి అటు చివరున్న ఎద్దు కోటిలింగం దగ్గరికి నడిచింది.

కోటిలింగమూ కొట్లు కడతాడు, కానీ ఎవరూ కొనరు. తాడిదుంగల మీద మోకాలెత్తున లేపిన నేల. చూరు దాదాపు భూమిని ముట్టుకునేంత వాలు. పైన మందంగా తాటాకు. రంగూ లేదు, ముగ్గూ లేదు. పిల్లలు దాన్ని బుర్ర వంచుకున్న ముసలమ్మ అని వెక్కిరిస్తారు.

"మావయ్యా, దీనికి కాస్త జాజు పూయకపోయావా?"

కోటిలింగం నోట్లో ఉన్నది పూర్తిగా నమిలి, మింగి, అప్పుడన్నాడు: "జాజు పూసే పూటకి ఇంకో వరస ఆకు కుట్టానమ్మా. నాలుగు వరసలయ్యాయి."

"గుమ్మం తూర్పుకి పెట్టలేదేం?"

మళ్ళీ నమిలాడు. తాయారు ఓపిక పట్టింది. "తూర్పున సముద్రం. తుఫాను అటునుంచే కొడుతుంది. జల్లు నైరుతి నుంచి వస్తుంది. అందుకని ఉత్తరానికి పెట్టాను."

"దీనికి నేనేం ఇచ్చుకోవాలి?"

"చిక్కుడు తీగ ఎండాక పారెయ్యకు. నాకు పడెయ్యి, చాలు."

తాయారుకి కొట్టు దొరికింది. కానీ ఇంటికి వెళ్తుంటే కాలు సాగలేదు. మేకకి చిదంబరం కొట్టే, ఉడతలకీ అదే. రేపో మాపో కోతి కూడా కొనబోతోంది. తన కుండలు మూడూ దక్కుతాయి సరే, లంకలో విత్తనమంతా తడిస్తే? నోటితో చెబితే ఎవరు వింటారు, ఆ ముగ్గులు చూశాక?

దశమి నాడు పొద్దున్నే లంక లంకంతా చిదంబరం వాకిట్లో ఉంది. లంకకి పెద్దదిక్కైన తాబేలుగారు పీట మీద కూర్చున్నారు. పాలు పొంగాయి. చిదంబరం పట్టుకండువా వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. తాయారు ముందుకొచ్చి చేతులు జోడించింది.

"పెద్దలారా, నాకో మొక్కుంది. విత్తనం మళ్ళీ చేతికొస్తే గంగమ్మ పేరు చెప్పి నూటెనిమిది బిందెలు అభిషేకం చేస్తానని మొక్కుకున్నాను. అది ఈ కొట్టు మీదే చేస్తాను. చిదంబరం అన్నయ్య లోపల పీట మీద కూర్చుంటాడు. చుక్క కూడా దిగదు కదా!"

మొక్కు అబద్ధం కాదండోయ్. కిందటేడు విత్తనం కుళ్ళిన రోజే మొక్కుకుంది. ఎక్కడ పోయాలన్నదే మొన్న నిర్ణయించుకుంది.

"అభిషేకం శివుడికి చేస్తారు గానీ కొట్టుకా?" అన్నాడు చిదంబరం.

"ఈ లంకలో శివుడిది కానిదేముంది?" అన్నారు తాబేలుగారు. "కూర్చో నాయనా."

"నాకసలే జలుబు..."

"పొడిగా ఉండేచోట జలుబేమిటి చిదంబరంగారూ?" అంది కోతి. అందరూ గొల్లుమన్నారు. చిదంబరం ఇక లోపలికి వెళ్ళక తప్పలేదు.

ఏటి నుంచి కొట్టు దాకా వరస కట్టారు. ఆ ఎండలో నీళ్ళాట అంటే ఎవరు వద్దంటారు? బిందె చేతులు మారుతోంది, కోతి కప్పు మీద గుమ్మరిస్తోంది, ప్రతి బిందెకీ "గోవిందా!" అని కేక.

ఐదో బిందెకి తాయారు అడిగింది: "ఎలా ఉందన్నయ్యా?"

"బ్రహ్మాండం!"

పన్నెండో బిందెకి: "ఇప్పుడో?"

"చల్ల... చల్లగా ఉంది!"

"చూశారా, వేసవికి చల్లదనం కూడా!" అంది పేరంటాలు మురిసిపోతూ.

ఇరవయ్యో బిందెకి ముగ్గులు కరిగాయి. పాతికో బిందెకి జాజు ఎర్రటి కాలవై పారింది. ముప్పయ్యో బిందెకి "గోవిందా!" అన్నారో లేదో, కప్పు తడిసిన తలపాగాలా కిందికి జారింది. గోడలు కూలబడ్డాయి. ఆ బురదలోంచి, ఒళ్ళంతా ఎర్రగా, నెత్తి మీద గడ్డితో, చిదంబరం లేచి నిలబడ్డాడు. ఉడతలు నేల మీద పడి దొర్లాయి.

"మొక్కు సగంలో ఆపకూడదు," అంది తాయారు. "ఇంకా డెబ్భై ఎనిమిది. పదండి కోటిలింగం మావయ్య దగ్గరికి!"

కోటిలింగం తన కొట్టులో దూరి పడుకున్నాడు. డెబ్భై ఎనిమిది బిందెలూ పోశారు. నీళ్ళు చూరు మీదుగా జారి నేలలో ఇంకిపోయాయి. లోపల్నుంచి చప్పుడు లేదు. భయపడి తలుపు తీశారు. పొడి గడ్డి మీద, గుర్రు పెడుతూ, ఆయన.

తాయారు లేపింది. "మావయ్యా, అయిపోయింది."

కోటిలింగం కళ్ళు నులుముకున్నాడు. "ఎప్పుడు మొదలెట్టారమ్మా?"

ఆ పూటే మూడు కుండలూ ఆ కొట్టెక్కాయి. తాబేలుగారు తీర్పు చెప్పారు: చిదంబరం అమ్మిన ప్రతి కొట్టుకీ నాలుగు వరసల తాటాకు తానే మోసి, తానే కప్పాలి, కోటిలింగం ఎలా చెబితే అలా. వానలు దిగేసరికి ఆఖరి చూరు కింద మోకాళ్ళ మీద నిలబడి ఆకు కుడుతూ కనిపించాడు చిదంబరం. "ఇంకో వరస వెయ్యి," అంటున్నాడు కోటిలింగం, నములుతూ.

ఆషాఢం దాటాక తాయారు కుండల మూతలు తీసింది. గింజలు గలగలమన్నాయి. కార్తీకానికి ఆవిడ మడి కంచె మొత్తం ఊదారంగు చిక్కుడు పూలు.

కాబట్టి నాయనలారా, ఎండలో గోడని చూసి మురిసిపోకండి, నీళ్ళ కింద కప్పుని చూసి నమ్మండి.